మైసూరు జావా: కర్మాగారం నుంచి ఇంటి షెడ్డుకు

మైసూరులోని యాదవగిరిలో 1961లో మొదలైన ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. ఆ ముప్పై అయిదేళ్లలో అక్కడ తయారైన జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు మాత్రం రోడ్ల మీద మిగిలాయి. తయారుచేసిన కంపెనీ లేకపోవడంతో వాటిని కాపాడే పని యజమానుల మీదే పడింది. పాత జావాను ఇంట్లోనే విప్పి, సామాను వెదికి తెచ్చి, తొలి రూపానికి తీసుకురావడమనే అలవాటు మన దేశంలో బలపడటానికి ఇదే ముఖ్య కారణం. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు ఈ పరిస్థితి రాలేదు. 1955లో మద్రాసులో అడుగుపెట్టిన ఆ బండి తయారీ నేటికీ సాగుతోంది కాబట్టి, పాత బుల్లెట్‌కు కావలసిన సామాను ఏదో ఒక రూపంలో దొరుకుతూనే వచ్చింది.

జావా పుట్టిల్లు ప్రాగ్ నగరం. ఆయుధాల తయారీదారు ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ నుంచి మోటారు సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోని, ఆ కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు కలిపి జావా అని పెట్టాడు. మొదటి 500 సీసీ బండి ఖరీదైనది. 1932లో విల్లియర్స్ ఇంజన్‌తో వచ్చిన 175 సీసీ బండి సామాన్యులకు అందుబాటులోకి వచ్చి కంపెనీని నిలబెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో కర్మాగారం జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్నప్పుడు కూడా అక్కడి ఇంజనీర్లు గుట్టుగా కొత్త బండికి నమూనాలు గీశారు. అదే పేరాక్. 1946లో పారిస్ ప్రదర్శనలో అందరి కళ్లూ దాని మీదే నిలిచాయి. ఆ వరుసలోనే 1950ల నడుమ 353 నమూనా వచ్చింది. మైసూరు జావాకు తల్లి ఇదే.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో బొంబాయికి చెందిన ఇరానీలు జావాలను దిగుమతి చేసి అమ్మేవారు. విదేశీ మారక ద్రవ్యం కరువై 1950లలో దిగుమతుల మీద ఆంక్షలు బిగియడంతో, బండిని ఇక్కడే తయారుచేయడం తప్ప దారి లేకపోయింది. చెక్ కంపెనీ లైసెన్సుతో రుస్తుం ఇరానీ మైసూరులో కర్మాగారం పెట్టారు. అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు, పూర్వ మహారాజు జయచామరాజ వడయార్ దాన్ని ప్రారంభించారు.

ఇంట్లో పునరుద్ధరణ ఎందుకు సాధ్యమైందో తెలియాలంటే ఈ బండి నిర్మాణాన్ని కొంత వివరంగా చూడాలి. ఇంజన్ టూ-స్ట్రోక్; సిలిండర్ ఒక్కటే; 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, దాదాపు 250 సీసీ, 12 హార్స్‌పవర్. ఒకే సిలిండర్ నుంచి రెండు పొగ గొట్టాలు బయలుదేరి చెరో పక్క సైలెన్సర్‌కు చేరతాయి. వాల్వులు లేవు, క్యామ్‌లు లేవు. కిక్ కొట్టడానికీ గేరు మార్చడానికీ ఎడమ పక్కన ఒకే రాడ్డు. కాలితో గేరు రాడ్డు కదిపితే క్లచ్ తనంతట తానే విడిపోయే ఏర్పాటు ఉంది. వెనక చైను పూర్తిగా రేకు పెట్టెలో మూసి ఉంటుంది కనుక దుమ్ము, వాన తగలక ఎక్కువ కాలం మన్నుతుంది. హెడ్‌లైటు డూములో పెట్టే తాళంచెవి మేకులాంటి చిన్న కడ్డీ. నాలుగు పానాలు, స్క్రూ డ్రైవర్లు, ఒకటి రెండు పుల్లర్లు ఉంటే ఇంజన్‌ను చాసిస్ నుంచి దింపి చాలావరకు విప్పవచ్చు. ఊరూరా సర్వీసు సెంటర్లు లేని దేశంలో యజమానే తన బండి చూసుకోవడానికి వీలిచ్చిన నిర్మాణమిది. ఆ గుణమే తర్వాత దాని ప్రాణం నిలిపింది.

1973 నుంచి బండి మీద జావా పేరు పోయి యెజ్డీ వచ్చింది. పేరు మారినా లోపలి ఇంజన్ చాలాకాలం పాతదే. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. ఈ క్రమంలో టాంకు, సీటు, హ్యాండిల్, సైలెన్సర్ల ఆకారాలు కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. జావాకూ యెజ్డీకీ చాలా భాగాలు ఒకదానికొకటి సరిపోతాయి. దీంతో మేలూ కీడూ రెండూ జరిగాయి. సామాను కొరత వచ్చినప్పుడు యెజ్డీ భాగాలు వేసి జావాను నడిపించగలిగారు. అలా నడిచిన బండిలో ఏది మొదటిదో, ఏది తర్వాత చేరిందో తేల్చడం ఇప్పుడు పునరుద్ధరించేవారికి అన్నిటికన్నా పెద్ద పనిగా మారింది.

1980ల నడుమ జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో 100 సీసీ బళ్లు మార్కెట్లోకి దిగాయి. లీటరు పెట్రోలుకు యెజ్డీ ఇచ్చే దూరం, హీరో హోండా ఇచ్చే దూరం పక్కపక్కన పెట్టి చూసిన మధ్యతరగతి కుటుంబాలు మరో ఆలోచన చేయలేదు. పొగ మీద నిబంధనలు కఠినమవడం, కంపెనీ ఆర్థిక కష్టాలు, కార్మిక సమస్యలు తోడై 1996లో తాళం పడింది.

ఆ తర్వాతి పదేళ్లు ఈ బళ్లకు గడ్డుకాలం. చాలా బళ్లు తుక్కు ధరకు పోయాయి. ఇంజన్లను పీకి నీటి పంపులకు, రకరకాల సొంత అవసరాలకు వాడుకున్నవారూ ఉన్నారు. మిగిలినవి బతికాయంటే ఆ ఘనత పేటల్లోని పాత మెకానిక్‌లది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ల దుకాణాలు, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్లు, బోరింగ్ షాపులు ఎప్పుడూ ఉన్నాయి. భాగం దొరక్కపోతే కొలత తీసి కొత్తది చెక్కించడం, అరిగిన చోట వెల్డింగ్ పోసి మళ్లీ తిప్పించడం అక్కడి వారికి రోజువారీ పని. పునరుద్ధరణ చరిత్ర రాసేటప్పుడు బండి యజమానుల పేర్లే ముందుకు వస్తాయి. ఈ చేతుల సంగతి మరుగున పడటం అన్యాయం.

పాత బండిని నడిచేలా చేయడం ఒకటి, అది పుట్టిన నాటి రూపానికి తేవడం మరొకటి. రెండో ఆలోచన ఒక ఉద్యమంగా రూపు దిద్దుకున్నది ఇంగ్లండులో. యుద్ధం ముగిసిన వెంటనే, 1946లో, టిచ్ ఆలెన్ చొరవతో అక్కడ వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ ఏర్పడింది. 1930 చివరి వరకు తయారైన బళ్లను వింటేజ్‌గా లెక్కించి, వాటి పత్రాలు, మాన్యువళ్లు, ఫోటోలు భద్రపరచడం ఒక క్రమశిక్షణగా మార్చింది. మన దేశంలో జావాల విషయంలో ఆ దృష్టి అలవడింది కర్మాగారం మూతపడ్డాక. పాత జావా క్లబ్బులు నగరాల్లో ఏర్పడ్డాయి; పార్ట్స్ లిస్టులు, యజమానుల మాన్యువళ్లు చేతులు మారాయి; ఏటా జూలై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినంగా బళ్లన్నీ ఒకచోట చేరడం ఆనవాయితీ అయింది.

ఇంటి పునరుద్ధరణ కాగితాలతో మొదలవుతుంది. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీ పుస్తకంలోని నంబర్లతో సరిపోవాలి. అవి కలవని బండి మీద పెట్టిన డబ్బంతా చివరికి చట్టం ముందు ప్రశ్నార్థకంగా మిగులుతుంది. తర్వాత విప్పే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తారు. ఏ వైరు ఎటు నుంచి వెళ్లింది, ఏ వాషర్ ఏ బోల్టు కింద ఉంది అన్నది ఆ ఫోటోలే చెబుతాయి. విప్పిన నట్లు, బోల్టులు విభాగాల వారీగా డబ్బాల్లో వేసి పేరు రాసి పెట్టడం చిన్న పనిలా కనిపించినా, నెలల తర్వాత బండి బిగించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంజన్ పనిలో ఇంటికీ వర్క్‌షాపుకూ మధ్య హద్దు స్పష్టం. విప్పడం, కడగడం, కొలవడం ఇంట్లో సాధ్యం. సిలిండర్ అరిగితే దాన్ని బోరింగ్ మిషన్ మీద కొద్దిగా పెద్దది చేయించి, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. క్రాంక్‌లోని రెండు చక్రాలను పిన్నుతో అదిమి బిగిస్తారు కాబట్టి, కనెక్టింగ్ రాడ్ మార్చాలంటే ప్రెస్ కావాలి. మళ్లీ బిగించాక రెండు వైపుల షాఫ్టులు ఒకే గీతలో తిరుగుతున్నాయో లేదో డయల్ గేజీతో చూడాలి. ఒక మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా ఉన్నా ఇంజన్‌లో అదురు పుడుతుంది, బేరింగులు త్వరగా పోతాయి.

టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పైకి కనిపించకుండా పని చెడగొట్టేవి ఆయిల్ సీళ్లు. పెట్రోలు, గాలి మిశ్రమం మొదట క్రాంక్ గదిలోకి వచ్చి అక్కడ ఒత్తిడికి లోనై, ఆ తర్వాతే సిలిండర్‌లోకి చేరుతుంది. సీలు గట్టిపడి పగుళ్లిస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుని మిశ్రమం పలచనవుతుంది. పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు పెట్టెలోని ఆయిల్ లోపలికి లాగి పొగ విపరీతంగా వస్తుంది. ఏళ్ల తరబడి కదలని బండిలో సీళ్లన్నీ మార్చకుండా ఇంజన్ మూసేయడం పొరపాటు. క్రాంక్‌కూ పిస్టన్‌కూ నూనె అందేది పెట్రోలులో కలిపిన ఆయిల్ ద్వారానే కాబట్టి ఆ పాలు తగ్గించి పొదుపు చేయబోయినా పిస్టన్ పట్టేస్తుంది.

విద్యుత్తు భాగం 6 వోల్టులది. క్రాంక్ కొనకు బిగించిన డైనమో, కాంటాక్ట్ పాయింట్లు, కాయిల్, బ్యాటరీ. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి, పిస్టన్ పైకొస చేరడానికి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ముందు నిప్పురవ్వ పడేలా టైమింగ్ పెడతారు. దీపం మసకగా వెలుగుతుందని చాలామంది 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మారుస్తున్నారు. రోజూ నడిపే బండికి అది సబబే. తొలి రూపం కోరేవారు పాత భాగాలను పారేయకుండా దాచిపెట్టడం మంచిది.

రంగు, క్రోమ్ దగ్గర అభిప్రాయ భేదాలు ఎక్కువ. జావాకు పేరు తెచ్చింది ముదురు మెరూన్ రంగు, టాంకు పక్కల క్రోమ్ మెరుపు, రబ్బరు మోకాలి ప్యాడ్లు, అంచుల వెంట బంగారు గీత. ఆ గీతను సన్నని కుంచెతో చేత్తో గీసే పనివారు ఇప్పుడు అరుదు. స్టిక్కరు అంటిస్తే దగ్గర్నుంచి చూడగానే తెలిసిపోతుంది. క్రోమ్ పూత నిలవాలంటే కింద నికెల్ పూత సరిగా పడాలి, దాని కింద లోహం గుంటలు లేకుండా పాలిష్ కావాలి. ఈ పూతకు వాడే రసాయనాలు విషపూరితం కనుక ఇంట్లో ప్రయత్నించదగినది కాదు. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. తొలి నాటి రంగు సగానికి పైగా మిగిలిన బండిని గీకి కొత్త రంగు వేయడం నష్టమే. ఆ రంగు ఒకసారి పోతే ఏ పెయింటరూ తిరిగి తేలేడు. మొదట రంగులో ఉన్న భాగాలకు కూడా క్రోమ్ వేయించి మెరిపించడం మరో తప్పు. మైసూరులో ఆ బండి అలా పుట్టలేదు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బళ్ల నమోదు విషయంలో నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, తొలి రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్రం గుర్తు తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాతి నమోదుకు 5,000. అలా నమోదైన బండిని రోజువారీ రాకపోకలకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్లవచ్చు. 1960లలో మైసూరు నుంచి వచ్చిన జావాలన్నీ ఇప్పుడు ఈ వయసు దాటాయి.

2018లో మహీంద్రా అండతో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావా పేరును, 2022లో యెజ్డీ పేరును మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. ఈ కొత్తవి ఫోర్-స్ట్రోక్ బళ్లు. పాత బండికి వాటి సామాను పనికిరాదు. పాతవాటికి పిస్టన్లు, కార్క్ క్లచ్ ప్లేట్లు, రబ్బరు సామాను, బ్యాడ్జీలు చిన్న చిన్న తయారీదారులు విడిగా చేసి అమ్ముతున్నారు. నాణ్యత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఈమధ్య పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. అది పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమను పీల్చి టాంకు లోపల తుప్పుకు దారితీస్తుంది. అందుకని పునరుద్ధరించే వారు ఇప్పుడు పెట్రోలు పైపును, కార్బురేటర్ గ్యాస్కెట్లను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చి, ఎక్కువ రోజులు కదలని బండి టాంకును, కార్బురేటర్‌ను ఖాళీ చేసి ఉంచుతున్నారు.