కాజీపేట: క్వార్టర్ల కాలము, గజముల కాలము

హనుమకొండ జిల్లా ముఖ్యపట్టణము. వేయిస్తంభముల గుడికి నెలవు. అయినను దానికి తనదని చెప్పుకొనదగిన రైల్వేస్టేషను లేదు. ఆ ఊరివారు రైలెక్కవలసినను, దిగవలసినను, ఒకవంక కాజీపేటకో, మరియొకవంక వరంగల్లుకో పోవలసినదే. నేడు త్రినగరి యని మనము పిలుచుచున్న ఈ మహానగరమున ఇండ్లు ఏ దిక్కునకు, ఏ త్రోవవెంట పెరిగినవో తెలిసికొనగోరువారు మొదట ఈ లోపమునే గమనింపవలెను. చెరువులచేతను, గుట్టలచేతను, వరిపొలములచేతను వేరుపడి, ఎవరి సంత వారిదిగా, ఎవరి జాతర వారిదిగా బ్రతికిన మూడూళ్లు, నడుమ నొక్క బయలైనను మిగులకుండ ఒకే వీథిగా అతుకుకొనిపోయినది నూఱేండ్లలోపుననే. ఆ అతుకు మొదలైన చోటు కాజీపేట.

కాజీపేటకు రాజుల చరిత్ర లేదు. కాకతీయులు తొలుత హనుమకొండను, పిదప ఓరుగల్లును రాజధానిగా చేసికొని, రాతికోటను, దాని చుట్టును మట్టికోటను, వానికి వెలుపల గొలుసుకట్టు చెరువులను నిర్మించిన కాలమున, ఈ పడమటి నేల పొలముగను, బండలతోడి బీడుగను ఉండియుండును. ఊరికి గుర్తింపు తెచ్చినది పంతొమ్మిదవ శతాబ్దమున వరంగల్లు కాజీ పదవియందుండి, సూఫీ మహాత్ముడుగా ప్రసిద్ధికెక్కిన హజ్రత్ అఫ్జల్ బియాబానీ. ఆయన 1856లో పరమపదించెను. ఆయన సమాధియైన దర్గాకు నేటికిని ఏటేట ఉర్సుకు మతభేదము లేకుండ జనము వచ్చుచున్నారు. దర్గా చుట్టును కొన్ని ఇండ్లు, ఆ ఇండ్ల చుట్టును సేద్యము: రైలు రాకముందు కాజీపేట యనిన ఇంతియే.

నిజాము రాజ్యపు రైలుమార్గము సికింద్రాబాదునుండి బయలుదేరి 1886లో వరంగల్లునకు వచ్చెను; 1889లో బెజవాడ చేరెను. అప్పటికిని కాజీపేట త్రోవలోని యొక చిన్న మజిలీయే. ఆ ఊరి జాతకము మార్చినది 1929. ఆ యేట కాజీపేటనుండి ఉత్తరముగా బల్లార్షా వరకు మార్గము పూర్తియై, మద్రాసునకును ఢిల్లీకిని నడుమ తిన్నని దారి యేర్పడినది. దానితో దక్షిణాదినుండి ఉత్తరాదికి పోవు బండ్లును, హైదరాబాదునుండి తీరమునకు పోవు బండ్లును ఇచ్చట కలిసికొన నారంభించినవి. జంక్షను అనగా రెండు పట్టాలు కలియుటమాత్రమే కాదు. ఆవిరి యింజనులకు బొగ్గు కావలెను, నీరు కావలెను, వానిని కడిగి సరిచేయుటకు షెడ్డు కావలెను. డ్రైవరు దిగి మరియొక డ్రైవరు ఎక్కవలెను. దిగినవాడు నిద్రించుటకు చోటు కావలెను. ఇన్ని పనులకు ఇందఱు మనుష్యులు ఒక్కచోట, రాత్రింబవళ్లు, పిలిచిన వెంటనే పలుకునంత దూరమున ఉండవలసియుండుటచే, రైల్వేవారు తామే ఇండ్లు కట్టిరి.

ఆ క్వార్టర్లే కాజీపేటకు తొలి పట్టణరూపము. అధికారికి తోటతోడి బంగళా, గార్డునకును డ్రైవరునకును వసారా గల యిల్లు, ఖలాసీకి వరుసలలో ఇఱుకు గదులు. జీతపు తరగతిని గోడల ఎత్తునుబట్టియు, పెరటి కొలతనుబట్టియు చెప్పగలుగు పట్టణమది. ఈ వ్యవస్థయందలి తారతమ్యములను నేను పొగడబోను. కాని, రోడ్డు ముందు, మోరీ పిమ్మట, ఇల్లు ఆ తరువాత అను క్రమమును పాటించి కట్టబడిన వాడలు ఈ త్రినగరియందు అవి తప్ప మఱి యెన్నో లేవని చెప్పక తప్పదు. ఆ వరుసలలో తెలుగుతోపాటు ఉర్దూ, తమిళము, మరాఠీ వినబడుచుండెను. రైల్వే ఉద్యోగము మనుష్యులను ఎచ్చటనుండి యెచ్చటికైనను విసరును గదా!

క్వార్టరునకు ఒక స్వభావము కలదు: అది ఎన్నటికిని ఉన్నవానిది కాదు. ఉద్యోగి పదవీవిరమణ చేసిన కొలదినెలలకే తాళము అప్పగించి వెడలిపోవలెను. ముప్పదియేండ్లు ఒకే ఊరి నీరు త్రాగి, పిల్లలను అచ్చటనే చదివించి, స్వగ్రామమున పొలము అన్నదమ్ములపాలైపోగా, ఆ మనుష్యుడు పోవునది యెచ్చటికి? ప్రావిడెంటు ఫండు చేతికి రాగానే, షెడ్డు సైరను వినబడునంత దూరముననే నాలుగు గుంటల నేల వెదకికొనును. నాలుగు కాకున్న రెండు. కాజీపేట చుట్టును క్వార్టర్లకు ఆవల పుట్టిన తొలి కాలనీలలో పెక్కింటికి మూలము ఇదియే. పనిచేయించుకొన్న సంస్థ ఇచ్చిన ఇల్లు, తీసికొనబడుటవలననే, సొంత యింటి పట్టణమునకు తల్లియైనది. పట్టణప్రణాళికల గ్రంథములలో ఈ సూత్రమునకు తగిన చోటు దొరకలేదేమో గాని, రైల్వే జంక్షను గల ఏ యూరికి పోయినను ఇది కనబడుచుండును.

రెండవ కొసన, వరంగల్లు పక్కన, ఇదే కథ మరియొక రూపమున నడిచెను. 1934లో నిజాము ఉస్మాన్ అలీఖాను తన జ్యేష్ఠకుమారుని పేర ఆజంజాహి మిల్లును నెలకొల్పెను. చుట్టుపట్ల పండు ప్రత్తి, రైలు సౌకర్యము, చౌకయైన శ్రమ, ఈ మూడును ఒకచోట దొరికినవి. మిల్లువారును కార్మికులకు క్వార్టర్లు కట్టించిరి; కూత వేసిన వేళకు మగ్గముకడ నుండవలసినవాడు దూరమున నుండరాదు గదా. ఈ విధమున ఒక కొసన రైలు, వేఱొక కొసన మిల్లు, నడుమ సుబేదారు బంగళాయు కచేరీలును గల హనుమకొండ. మూడింటిని కలుపు ఒకటే రోడ్డు. ఆ రోడ్డుకు ఇరువైపుల నున్న నేల యింకను పొలమే.

ఆ నేలను నింపినది స్వాతంత్ర్యానంతరపు విద్య. 1952లో వరంగల్లు కతోలిక మేత్రాసనము ఏర్పడగా, కాజీపేటకును హనుమకొండకును నడుమ ఫాతిమానగరము వెలసి, దేవాలయము, పాఠశాల వచ్చినవి. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు ఇచ్చటనే శంకుస్థాపన చేసెను; దేశమున అట్టి కళాశాలలలో అదియే మొదటిది, నేటి ఎన్‌ఐటీ. ఆ యేడే కాకతీయ వైద్యకళాశాల. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము. ఈ సంస్థలన్నియు విశాలమైన ఆవరణలు గొని, లోపల తమవారికి క్వార్టర్లు కట్టుకొని, ప్రహరీకి బయట దుకాణములకును, అద్దె గదులకును, హాస్టళ్లకును అవకాశమిచ్చినవి. ఇంజనీరింగు కళాశాల గేటు ఎదుట టీకొట్టు పెట్టినవాడు, ఆ వెనుక రెండు గదులు వేసి అద్దెకిచ్చినవాడు, ఈ నగర నిర్మాతల జాబితాలో ఎన్నడును ఎక్కరు, ఎక్కదగినవారే.

1980 తరువాతి రెండు దశాబ్దములు వేఱు. కాలనీల పేర్లు చూచిన చాలును: ఎన్జీవోల కాలనీ, ఎక్సైజు కాలనీ, పోస్టల్ కాలనీ, అడ్వకేట్స్ కాలనీ. ఒక్కొక్క శాఖ ఉద్యోగులు సహకార సంఘముగా కూడి, జీతములనుండి కోత పెట్టించుకొని, భూమి కొని పంచుకొన్నవి కొన్ని. బాలసముద్రమున హౌసింగు బోర్డు తానే కట్టి వాయిదాలపై ఇచ్చినవి కొన్ని. ఇంతలో పల్లెలు ఖాళీయగుట ఆరంభమైనది. నక్సలైట్ల ఉద్యమకాలమున వారికిని పోలీసులకును నడుమ నలిగిన గ్రామములనుండి, మొదట గడీల దొరలు, పిదప మోతుబరి రైతులు, వారి వెనుక బడిపంతుళ్లును హనుమకొండకు, కాజీపేటకు తరలివచ్చిరి. భయముచే వచ్చినవారు కొందఱు. పిల్లల ఇంగ్లీషు చదువులకై వచ్చి, అడిగినవారికి భయమని చెప్పినవారు మరికొందఱు. కారణమేదైనను, ఊళ్లో పొలమమ్మిన సొమ్ము పట్టణమున ప్లాటుగా మారినది. ఎకరములు గుంటలైనవి, గుంటలు గజములైనవి.

క్వార్టర్ల కాలము అక్కడ ముగిసి గజముల కాలము మొదలైనదని నా తలంపు. మొదటి కాలమున ఇల్లు పనికి అంటిపెట్టుకొని యుండెడిది; రెండవ కాలమున నేల ధరకు అంటిపెట్టుకొన్నది. ఇల్లు కట్టు ఉద్దేశమే లేనివాడు ప్లాటు కొనుట ఇప్పుడు వింత కాదు. రియల్ ఎస్టేటు వ్యాపారి పొలమును చదును చేయించి, సున్నపుగీతలు గీయించి, రాళ్లు పాతించి, ముఖద్వారముకడ కమాను నిలిపినచో అది వెంచరు. మోరీ యెటు పాఱునని అడిగినవాడు బేరము చెడగొట్టువాడు. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామాలు, అనుమతి లేని లేఔట్లు ఎంతగా పేరుకొనినవనగా, ఆ లేఔట్లను క్రమబద్ధీకరించుటకు ప్రభుత్వమే 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అను పథకము తెచ్చి దరఖాస్తులు పుచ్చుకొనవలసివచ్చెను.

అనుమతి లేనిది కాగితమున క్రమపడును, నీరు క్రమపడదు. వడ్డేపల్లి చెరువు మత్తడి దూకిన నీరును, గోపాలపురము ఊరచెరువు నీరును సమ్మయ్యనగరము మీదుగా నయీంనగరు నాలాలోనికి పోవలసినవి. ఆ దారి పొడవున నాలా యొడ్డు జరిగి జరిగి యింటి గోడయైనది. తెలంగాణమున చెరువు గర్భమును శిఖము అందురు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు సాగుచేసికొను హక్కుతో శిఖమునకును పట్టాలుండుట ఇచ్చట పాతకాలపు మర్యాదయే. రైతునకు ఆ పట్టా నాలుగు నెలల పంటకు మాత్రమే పనికివచ్చెడిది; వెంచరు వేసినవానికి పండ్రెండు నెలలకును పనికివచ్చినది. కొన్నవాడు కాగితము చూచెను, కాగితము నిజమే. వానాకాలమున వచ్చి చూడలేదు.

2020 ఆగస్టున వానలు ఆ లెక్క చూపినవి. కాలనీలు మునిగినవి, పడవలు తిరిగినవి, మంత్రులు వచ్చి నాలాలపై ఆక్రమణలు తొలగింపుడని ఆజ్ఞాపించిరి. 2023 జులైలో మరల అదియే: హంటరు రోడ్డు పొడవున ఇండ్లలో నీరు నిలిచినది, గణపతిదేవ చక్రవర్తి కాలమునాటిదని చెప్పెడి భద్రకాళి చెరువు కట్ట పోతననగరము వైపున తెగినది. నయీంనగరు వంతెనను కూలగొట్టి పెద్దదిగా కట్టిరి; 2024 చివర భద్రకాళి చెరువును ఖాళీ చేసి, ఆ పిమ్మట పూడిక తీయ నారంభించిరి. ఇవన్నియు కావలసిన పనులే. అయినను, వంతెన వెడల్పు చేసినంతమాత్రమున నాలాకు పైయెత్తున పోయిన చెరువు గర్భము తిరిగివచ్చునని నాకు తోచదు.

మిల్లు సంగతి చెప్పవలసియున్నది. 1974లో జాతీయ జౌళి సంస్థకు చేరిన ఆజంజాహి మిల్లు, నష్టముల పాలై, ఈ శతాబ్దపు తొలి యేండ్లలో మూతపడెను. యంత్రములు తుక్కుగా పోయినవి. మిగిలినది నేల, నేలకు మాత్రము నష్టము లేదు. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అనగా కుడా, ఆ భూమిలో కొంత తీసికొని ఓ సిటీ యను పేర ప్లాట్లు వేసి అమ్మినది. నూలు వడికిన చోట గజముల లెక్క నడిచెను. తమ చెమట పడిన ఆ నేలయందే తమకును ఇండ్లస్థలములు కావలెనని మాజీ కార్మికులు ధర్నాలు చేసిరి. వారి కోరికయందు న్యాయశాస్త్రమునకు ఎంత చోటున్నదో న్యాయవాదులు చెప్పవలెను. చరిత్రను చూచినవానికి మాత్రము అది వింత కోరికగా కనబడదు. పని ఇచ్చినవాడు ఇల్లు చూపుట ఈ ఊరి తొలి అలవాటు.

ఇండ్లు లేనివారి మాట ఈ కథలో ఎప్పుడును చివరనే వచ్చుచున్నది, నేనును ఆ తప్పు తప్పించుకొనలేకపోతిని. 2015 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు వరంగల్లులో కొన్ని దినములు బసచేసి మురికివాడలు తిరిగి, గుడిసెల స్థానమున రెండు పడకగదుల ఇండ్లు కట్టింతునని మాటయిచ్చెను. కొన్నిచోట్ల కట్టడములు లేచినవి. లేచిన వానిలోనికి మనుష్యులు చేరుటకు మాత్రము ఏండ్లు పట్టినవి. 2022లో మట్టెవాడ నిమ్మయ్య చెరువు వద్ద పేదలు ఎఱ్ఱజెండాలతో గుడిసెలు వేయగా పోలీసులు వచ్చిరి. శిఖములో మేడ కట్టినవానికి నోటీసు, గుడిసె వేసినవానికి లాఠీ: ఈ రెండు మర్యాదల భేదమును పాఠకులే తూచుకొందురుగాక.

ఆ యేడే మరియొకటి జరిగినది. ఔటరు రింగురోడ్డు చుట్టును 27 గ్రామములలో ఇంచుమించు 21 వేల ఎకరములను భూసమీకరణమున తీసికొని లేఔట్లు వేయుదుమని కుడా ప్రకటించెను. రైతు భూమినిచ్చిన, అభివృద్ధి చేసిన ప్లాట్లలో కొంత భాగము అతనికే తిరిగి యిత్తురట. రెండు పంటలు పండు నేలను ప్లాట్లకు మార్చుకొనుటకు రైతులు ఒప్పుకొనలేదు; రోడ్లెక్కిరి, గ్రామములలో అధికారులను నిలదీసిరి; కొలదివారములకే ప్రభుత్వము వెనుకకు తగ్గెను. గజముల కాలమున గజము ఓడిపోయిన సందర్భము నాకు తెలిసి ఇదొక్కటియే.

నగరము మాత్రము కాగితముపై ఆగలేదు. 2013లో 42 గ్రామములు కలియగా నగరపాలక సంస్థ విస్తీర్ణము 110 చదరపు కిలోమీటర్లనుండి 400కు మించినది. 2015లో గ్రేటరు అను బిరుదు వచ్చెను. 1970ల ఆరంభమున గీసిన మాస్టరుప్లానుతోనే అర్ధశతాబ్దము నెట్టుకొనివచ్చిన ఈ ప్రాంతమునకు 2024 నవంబరులో, 2041 వరకు చూపు సారించిన క్రొత్త ప్లానునకు అనుమతి లభించెను. అది 1,800 చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలకు వర్తించును. ఇన్నాళ్లును ప్లాను లేక వాడలు చెడినవందుమా? పాత ప్లాను ఉండనే ఉండెను. దానిని చూచి వెంచరు వేసినవారు అరుదు.

కాజీపేటకు మరల రైల్వేయే ఆశ చూపుచున్నది. 1980లనుండి కోచ్ ఫ్యాక్టరీ వచ్చునని వినివిని, అది పంజాబున కపుర్తలాకు తరలిపోయెనని నొచ్చుకొని, 2014 పునర్విభజన చట్టమున మరల ఆ మాట చూచుకొన్న ఈ ఊరికై, 2023 జులై 8న ప్రధానమంత్రి మోదీ, అయోధ్యాపురమున తలపెట్టిన రైల్వే ఉత్పత్తి కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. ఆ వార్త వచ్చిన వెంటనే మడికొండ దారిలో రియల్ ఎస్టేటు కరపత్రములపై ఫ్యాక్టరీ బొమ్మ అచ్చుపడెను. అచ్చట పనిచేయబోవు వారి క్వార్టర్లు ఎన్ని, ఎచ్చట అని ఆ కరపత్రములలో ఉండదు. వెంచరునకు ఫ్యాక్టరీ ఎన్ని నిమిషముల దూరమో మాత్రము ఉండును.