విలాసమని కొట్టేసిన కొలువు

1858 వేసవిలో, మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో, కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి అమరావతి స్తూపపు శిల్పాలకు ఫొటోలు తీశాడు. అవి 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ కృష్ణ ఒడ్డున తవ్వించి మద్రాసుకు చేర్పించిన రాళ్ళు. ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. ట్రైప్ ఫొటోలు తీసిన మరుసటి ఏడాదే వాటిలో ఎక్కువ భాగం ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. అక్కడా కొన్నేళ్ళు దిక్కులేకుండా పడి ఉండి, చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. మన గడ్డ విడిచి వెళ్ళే ముందు ఆ స్తూపపు రాళ్ళు ఎలా ఉన్నాయో ఈ రోజు చూడగలుగుతున్నామంటే ట్రైప్ వల్లే. ఆ పని జరిగిన రెండేళ్ళకే ఆయన కొలువు పోయింది.

ట్రైప్ పదిహేడేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరాడు. సెలవు మీద ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1854లో బేలూరు, హళేబీడు గుడులను ఫొటోలు తీస్తే, మరుసటి ఏడు మద్రాసు ఎగ్జిబిషన్‌లో వాటికి పతకం వచ్చింది. బర్మాకు వెళ్ళిన రాయబార బృందంతో పంపితే జబ్బు పడి, వానలో తడిసి కూడా వందకు పైగా చిత్రాలతో తిరిగొచ్చాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయనను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించింది. ఒక ప్రభుత్వం ఫొటోగ్రాఫర్‌ను జీతమిచ్చి పెట్టుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

1857 డిసెంబరులో బెంగళూరు నుంచి ఎడ్లబండ్ల మీద బయల్దేరాడు. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటు ఇంకా చల్లారలేదు. పెద్ద పెద్ద కాగితాలకు మైనం పట్టించి, రసాయనంలో ముంచి, దాన్నే నెగటివ్‌గా వాడే పద్ధతి ఆయనది. రాత్రి సిద్ధం చేసుకున్న కాగితం మర్నాటి వేడికి పాడు కాకుండా కాపాడుకోవాలి, నీళ్ళు శుభ్రమైనవి దొరకాలి, గుడి లోపలి చీకటికి సరిపడా ఓపిక పట్టాలి. శ్రీరంగం, పుదుక్కోట, మధుర, తంజావూరు చూసుకుని ఏప్రిల్ చివరికి మద్రాసు చేరాడు. మధురలో తిరుమల నాయకుని మహలు అప్పటికి శిథిలంగా ఉంది. దాని మరమ్మతులు తర్వాతి దశాబ్దంలో గాని మొదలవలేదు. మన నాయక రాజులు కట్టిన ఆ స్తంభాలు మరమ్మతు ముందు ఏ స్థితిలో ఉన్నాయో ఆ కాగితాలు చూపిస్తాయి. తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానం పీఠం చుట్టూ చెక్కిన శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లను వరసగా అతికిస్తే దాదాపు 19 అడుగుల చుట్ట తయారైంది. నడిచి చదవాల్సిన రాతిని చేతిలో పట్టుకుని చదివేలా చేసిన పని అది. నా మటుకు ట్రైప్ చేసిన వాటిల్లో అన్నిటికన్నా గొప్పది ఇదే. అందం కోసం తీసింది కాదు గనక దాన్ని చూసినవాళ్ళు తక్కువ.

1859 మార్చిలో సర్ చార్లెస్ ట్రెవెల్యన్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. తిరుగుబాటు ఖర్చులతో ఖజానాలు ఖాళీ అయిన కాలం. ఎక్కడ కోయవచ్చా అని చూస్తున్న ఆయన కంటికి ఫొటోగ్రఫీ కనపడింది. మన ఆర్థిక స్థితికి ఇది తగని విలాసం అని తేల్చి, పని ఆపమన్నాడు. చేతిలో ఉన్న ప్రింట్లు ముగించుకోవడానికి కొంత గడువు దొరికింది. 1860లో ఆ ఫొటోగ్రఫీ విభాగం మూతపడింది. విచిత్రమేమిటంటే, కొత్త పన్నులను బాహాటంగా వ్యతిరేకించినందుకు ట్రెవెల్యన్‌ను కూడా అదే ఏడు వెనక్కి పిలిపించారు. ఆయన వెళ్ళిపోయాడు గాని, ఆయన ఉత్తర్వును ఎవరూ తిరగరాయలేదు.

ట్రైప్‌కు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. మళ్ళీ పటాలానికి వెళ్ళి కవాతులు చేయించాడు. ఆ తర్వాత ఎప్పుడో బర్మాలో కొన్ని చిత్రాలు తీశాడు, అంతే. 1902 దాకా బతికాడు. కొలువు పోయాక నలభై రెండేళ్ళు! ఆ నలభై రెండేళ్ళలో తెలుగు జిల్లాలలో ఎన్ని గుడులు కూలాయి, ఎన్ని కోటల రాళ్ళు రైలు కట్టలకూ వంతెనలకూ పోయాయి! చూడగల కన్ను బతికే ఉంది. దాన్ని పనిలో పెట్టుకున్నవాళ్ళే లేకపోయారు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది సి. అయ్యాస్వామి కథ. ట్రైప్ దగ్గర ముఖ్య సహాయకుడు ఆయన. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో సొంత ఖర్చుతో మొదలుపెట్టిన మద్రాసు ఆర్ట్స్ స్కూలు, ఈనాటి ప్రభుత్వ లలితకళల కళాశాల, ఫొటోగ్రఫీకి తొలి రోజుల్లో అండగా నిలిచిన చోటు. అయ్యాస్వామి ఆ స్కూలు తరఫున కూడా ఫొటోలు తీశాడు. ట్రైప్ చిత్రాలకు 2014, 2015 లలో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ నగరాల పెద్ద మ్యూజియంలు వరసగా ప్రదర్శనలు పెట్టాయి. బండి పక్కన నడిచి, కాగితానికి మైనం పట్టించి, రసాయనాలు కలిపిన ఈ నేల మనిషి పేరు మాత్రం పుస్తకాల అడుగున సన్న అక్షరాలలో ఉండిపోయింది.

ఆ సన్న అక్షరాలైనా తర్వాతి వాళ్ళకు దక్కలేదు. మద్రాసు వీధుల్లో స్టూడియోలు వెలిశాయి. పెళ్ళికూతురును కుర్చీ పక్కన నిలబెట్టి, వెనక తోట బొమ్మ తెర దించి, నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి, ప్రింటుకు చేత్తో రంగులద్దిన తరాలు గడిచాయి. ఫిల్ము కూడా మనమే చేసుకోవాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టారు. 1967లో ఉత్పత్తి మొదలై ‘ఇందు’ పేరుతో ఫిల్ము అమ్మింది. తొంభైల నడుమకు అది ఖాయిలా పడింది, తర్వాత మూతపడింది. 2012 జనవరిలో కొడాకే దివాలా రక్షణ కోరింది. స్టూడియోలు మూసినవాళ్ళు ఫిల్ములను వెండి కోసం అమ్మారు, గాజు నెగటివ్‌లను కడిగి గాజు ధరకు ఇచ్చేశారు. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడు స్టూడియోలలో మిగిలినవాటిని డిజిటల్ చేశారు. దూరదేశపు గ్రంథాలయం పూనుకుంటే గాని మన తాతమ్మల ముఖాలు దక్కలేదు.

మన సినిమా సంగతి చూడండి. తెలుగు సినిమా దశాబ్దాల పాటు మద్రాసు కోడంబాకంలోనే తయారైంది. 1966లో మొదలైన ‘విజయచిత్ర’ లాంటి పత్రికల పుటలు స్టిల్ ఫొటోగ్రాఫర్ల చేతి చలవే. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక చాలామంది స్టిల్స్‌వాళ్ళు వెనకే ఉండిపోయారు. ఇవాళ సావిత్రి నవ్వును, రంగారావు చూపును ఎన్ని చోట్ల వాడుకుంటున్నామో లెక్కలేదు. ఆ క్షణంలో మీట నొక్కిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళదే అని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అంటుంది. అయితే ఇది నా పని అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం తీసినవాడిదే. అది అమ్ముడుపోయే హక్కు కాదు. పేరు వేయడానికి పైసా ఖర్చు లేదు, అయినా వేయం.

2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో ఎన్నో కుటుంబాల ఆల్బమ్‌లు బురదలో కలిశాయి. పెళ్ళి ఫొటోలు తీసిన స్టూడియో బతికి, నెగటివ్‌లు భద్రంగా ఉన్నవాళ్ళు మళ్ళీ ప్రింటు వేయించుకోవచ్చు. స్టూడియోయే పోయినవాళ్ళకు ఆ దారి కూడా లేదు. ఇంట్లో వాళ్ళ చేతిలో ఫోను ఉంది కదా, వేరే మనిషికి డబ్బెందుకు అనే మాట ట్రెవెల్యన్ మాటే. ఫోనులో వేలాది బొమ్మలుంటాయి, వాటిని ఏరి, సరిచేసి, యాభై ఏళ్ళు నిలిచేలా ముద్రించి దాచే బాధ్యత దానికి లేదు.

అందుకే నా విన్నపం. ఇంట్లో శుభకార్యం ఉంటే మీ పేటలో స్టూడియో నడుపుకునే మనిషిని పిలవండి, అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి, కాగితం మీద ప్రింట్లు వేయించుకోండి. ఎక్కడ ఫొటో పంచుకున్నా కింద తీసినవారి పేరు రాయండి. వీధిలో ఏ పాత స్టూడియో అయినా మూసేస్తున్నారని తెలిస్తే, పాత సామాను వాడు రాకముందే వెళ్ళి నెగటివ్‌ల పెట్టెలు ఏం చేస్తున్నారని అడగండి.