వృత్తినైపుణ్యం, పాలనాశిక్షణ: సెయింట్ జార్జి కోట కళాశాల - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

నిబంధనలను అమలుపరిచే ఉద్యోగికి అధికారం నియామకంతోనే లభిస్తుంది. నైపుణ్యం మాత్రం శిక్షణవల్లనే అలవడాలి. ఈస్టిండియా కంపెనీ పాలనలో ఈ అవసరాన్ని గుర్తించి నెలకొల్పిన సంస్థలలో మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల (1812) ఒకటి. ఆ శిక్షణ తెలుగు జిల్లాల పాలనలో ఏమి సాధించిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శిక్షణ స్వరూపం:

శిస్తు నిర్ణయించడం, లెక్కలు తనిఖీ చేయడం, రైతుల అర్జీలు విచారించడం కలెక్టరు విధులు. భాష తెలియని అధికారి వీటన్నింటికీ దుబాసీ మాటనే నమ్ముకోవలసి వచ్చేది. ఈ లోటును పూడ్చడానికి ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ కృషితో కళాశాల ఏర్పడింది. ఇంగ్లండు నుంచి వచ్చిన యువ ఉద్యోగులు స్థానిక పండితుల వద్ద దేశభాషలు చదివి పరీక్షలలో నెగ్గవలసి ఉండేది. న్యాయస్థానాలలో పనిచేయదలచిన దేశీయులకు ధర్మశాస్త్రం బోధించేవారు. ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం (1816) ఈ వాతావరణంలోనే వెలువడింది. 1817లో మద్రాసు చేరిన సి. పి. బ్రౌన్ ఇక్కడే తెలుగు అభ్యసించి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు.

గుంటూరు అనుభవం:

భాషకు జరిగిన మేలు పాలనకు అదే స్థాయిలో జరగలేదు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని ఛిన్నాభిన్నం చేసింది. జిల్లా దుస్థితిని విచారించడానికి 1845లో ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ను పంపవలసి వచ్చింది. కలెక్టరు కచేరీలోని దేశీయోద్యోగ వర్గాలు సమాచారాన్ని తమ గుప్పిట ఉంచుకున్న తీరును రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ గుంటూరు జిల్లా చరిత్రలో (1965) సవివరంగా నిరూపించాడు. అంటే దుబాసీ స్థానాన్ని కచేరీ ఆక్రమించింది.

దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, కళాశాల పరీక్ష ప్రధానంగా భాషాజ్ఞానాన్ని కొలిచింది. కాగితంమీది లెక్కను పొలంతో సరిచూసే అభ్యాసాన్ని కొలవలేదు. రెండవది, శిక్షణ ముఖ్యంగా పైస్థాయి ఉద్యోగికే దక్కింది. గ్రామంలో లెక్క రాసే కరణం, కచేరీలో దానిని పరిశీలించే శిరస్తాదారు ఆ పరిధిలోకి రాలేదు.

ముగింపు:

1854లో కళాశాల మూతపడింది. భాషను వృత్తియోగ్యతగా గుర్తించడం దాని ఘనత. తనిఖీని వృత్తిధర్మంగా నేర్పకపోవడం దాని పరిమితి. ప్రజలతో నిత్యం వ్యవహరించే కిందిస్థాయి ఉద్యోగికి ఏ శిక్షణ అందుతున్నదన్న ప్రశ్న నేటి పాలనా శిక్షణకూ వర్తిస్తుంది.