కొవ్వూరుకి ఎన్ని అక్షరాలు?

గోదావరికి అవతల గట్టున రాజమండ్రి, ఇవతల కొవ్వూరు. లినక్స్ కమాండ్లు కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒకసారి ఈ ఊరి పేరుని ప్రింట్ఎఫ్ నుంచి డబ్ల్యూసీకి పైపు చేసి చూడండి. మైనస్ సీ పెడితే 24 అంటుంది, మైనస్ ఎమ్ పెడితే 8. పలక మీద దిద్దినవాళ్ళెవరైనా మూడే అంటారు: కొ, వ్వూ, రు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు!

డబ్ల్యూసీ 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్లోనే ఉంది. అప్పట్లో అక్షరమంటే ఒక బైటు, అంతే. మన ఒత్తులూ గుణింతాలూ బెల్ ల్యాబ్స్ వాళ్ళకెందుకు గుర్తొస్తాయి లెండి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగుకి చోటు దొరికింది. హల్లుకొక సంఖ్య, గుణింతపు గుర్తుకొకటి, ఒత్తు కలిపే పొల్లుకి ఇంకోటి. అలా 8. మరుసటేడు సెప్టెంబర్లో కెన్ థాంప్సన్ (అవును, యూనిక్స్ మొదలెట్టినాయనే), రాబ్ పైక్ భోజనాల బల్ల దగ్గర కాగితమ్మీద యూటీఎఫ్-8 గీశారు. పాత ఇంగ్లీషు ఫైళ్ళు చెక్కుచెదరలేదు, తెలుగుకి మాత్రం ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ఎనిమిది మూళ్ళు 24.

ఇదేదో పొడుపుకథ అనుకోకండి. ఓసారి ఊళ్ళ జాబితాలో ఒక్కో పేరునీ హెడ్ మైనస్ సీతో 10 బైట్ల దగ్గర కోసేశాను. కొవ్వూరు కాస్తా ‘కొవ’ అయి, పక్కన ఓ తెగిన బైటు మిగిలింది. ఎర్రర్ మెసేజీ కూడా రాలేదు!

మరి ఆ 3 సంగతి? యూనికోడ్ వాళ్ళ అక్షర విభజన నియమం వ్, వూలని విడదీసి 4 అనేది. తెలుగు ఒత్తుల్ని కలిపి లెక్కపెట్టడం 2023లో, 15.1 వెర్షన్‌తో మొదలైంది.