మిల్లు గేటుకు ఐదు కిలోమీటర్ల ఇవతల

చక్కెర మిల్లులో ఆ కావలివాడి డ్యూటీ తెల్లవారుజామున మూడింటికి ఎక్కి, పదకొండింటికి దిగేది. మూడింటికి గేటు దగ్గర ఉండాలంటే ఊరంతా గాఢనిద్రలో ఉన్న వేళ లేవాలి. అప్పుడు బస్సులు తిరగవు, ఆటోలు దొరకవు. ఉన్న మోటార్‌సైకిలే దిక్కు. మహారాష్ట్రలో అలా బండి మీద బయల్దేరిన ఆ కావలివాడు 2003 ఏప్రిల్ 22న, మిల్లు ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు, ముసలితల్లి.

జిల్లా పేజీలో రెండు వాక్యాలకు మించని వార్త అది. దాని వెనక నడిచిన కథ మాత్రం ఇరవై రెండేళ్లు సాగింది. అన్నేళ్లూ మూడు న్యాయస్థానాల ముందు ఆ కుటుంబం ఒకే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది: పోయేనాటికి ఆ మనిషి పనిలో ఉన్నాడా, లేడా?

ఒక్క జీతం మీద నడిచే ఇల్లు ఎలా పడిపోతుందో మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. పెద్దకర్మ అయ్యేదాకా వాకిలి నిండా మనుషులే. మిల్లు నుంచో ఫ్యాక్టరీ నుంచో నలుగురొస్తారు, మట్టి ఖర్చులకని చేతిలో కొంత పెడతారు, ఏ సాయం కావాలన్నా అడగమని చెప్పి వెళ్తారు. ఆ తర్వాత కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం తెరుచుకుంటుంది. తొక్కేవాడు లేకపోయినా బండి మీది ఫైనాన్సు వాయిదా ఆగదు. నుజ్జయిన ఆ బండి పోలీసు స్టేషన్ ఆవరణలో కేసు నంబరు రాసుకుని ఎండకు ఎండుతుంది. ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. నిన్నటిదాకా సంతకం అవసరమే పడని ఆడమనిషి ఈ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆఫీసుల వెంట తిరగడం మొదలుపెడుతుంది. దుఃఖపడటానికి తీరిక దొరికేది అన్ని కౌంటర్లూ మూసేశాక, రాత్రికే.

ఇలాంటి ఇంటికోసమే 1923లో ఒక చట్టం వచ్చింది. అప్పట్లో కార్మికుల నష్టపరిహార చట్టం అనేవారు, తర్వాత ఉద్యోగుల పరిహార చట్టమైంది. పని కారణంగా, పని చేస్తుండగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలని దాని సారం. యజమాని బీమా చేయించి ఉంటే ఆ భారం బీమా కంపెనీ మోసేది. మనిషి పోతే ఎంత ఇవ్వాలో లెక్క కూడా అందులోనే ఉండేది: నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి షెడ్యూలులో ఇచ్చిన అంకెతో హెచ్చవేయాలి. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గేది. 2003 నాటికి జీతం ఎంతున్నా నెలకు 4,000 రూపాయలకు మించి లెక్కలోకి తీసుకునేవారు కాదు.

కావలివాడి కుటుంబం కార్మిక పరిహార కమిషనర్ దగ్గరకు వెళ్లింది. 2009లో వాళ్లకు అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. 3,26,140 రూపాయలు, దాని మీద ఏటా 12 శాతం వడ్డీ. సగం జీతం కింద 2,000 తీసుకుని 163.07తో హెచ్చవేస్తే సరిగ్గా ఇంతే వస్తుంది. రాత్రుళ్లు మేలుకుని ఒకరి ఆస్తికి కాపలా కాసిన మనిషి చట్టం లెక్కలో చివరికి ఆ దశాంశం దగ్గర తేలాడు. అయినా ఇంటికి అది పెద్ద మొత్తమే. ఆరేళ్ల తర్వాతనైనా చేతికి అందితే పిల్లల చదువులో మిగిలిందేదో నిలబడేది.

మిల్లుకు బీమా చేసిన కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. ప్రమాదం మిల్లులో జరగలేదు, మిల్లు ఆవరణలోనూ జరగలేదు, ఐదు కిలోమీటర్ల అవతల ప్రజలందరూ తిరిగే రోడ్డు మీద జరిగింది కదా అన్నది వాదన. 2011లో బొంబాయి హైకోర్టు ఆ వాదనతో ఏకీభవించి కమిషనర్ ఉత్తర్వును కొట్టేసింది. ఇంటి దీపం ఆరిన ఎనిమిదేళ్లకు, ఆ చావుకూ ఉద్యోగానికీ సంబంధం లేదని ఆ కుటుంబం విన్నది. ఒక ఇల్లు రెండుసార్లు కూలడమంటే ఇదే.

హైకోర్టు ఆ మాట గాల్లోంచి తీసి చెప్పలేదు. పనికి పోయే దారిలో, పని దిగి వచ్చే దారిలో ప్రమాదం పాలైనవాళ్ల వరస దాని వెనక చాలా పొడుగ్గా ఉంది.

1952 జూన్‌లో పోరుబందరు దగ్గర ఉప్పు కర్మాగారంలో పని ముగించుకుని ఇళ్లకు మళ్లిన కూలీలు పాయ దాటడానికి పడవెక్కారు. పడవ మునిగింది, కొందరు చనిపోయారు. అది అందరూ ఎక్కే రేవు పడవ కాబట్టి అక్కడికి చేరేసరికే వాళ్ల ఉద్యోగం ముగిసిపోయిందని 1958లో సుప్రీంకోర్టు తేల్చింది. పని జాగాకు ఇటూ అటూ కొంత మేర ఉద్యోగాన్ని ఊహించి సాగదీసుకోవచ్చన్న సూత్రాన్ని ఆ తీర్పే ఒప్పుకుంది. ఆ సాగతీత మాత్రం రేవు దాకా రాలేదు.

1957లో బొంబాయి బెస్ట్ సంస్థ బస్సు డ్రైవర్ ఒకరు డ్యూటీ దిగి, అదే సంస్థ బస్సులో ఇంటికి వెళ్తూ ప్రమాదంలో పోయాడు. ఆయన భార్య గెలిచింది. డ్రైవర్లు వేళకు డ్యూటీకి వచ్చిపోవడం సంస్థకు అవసరం, ఉచిత ప్రయాణం అందుకే ఇచ్చారు, కాబట్టి ఆ ప్రయాణమూ ఉద్యోగంలో భాగమేనని 1963లో సుప్రీంకోర్టు అన్నది. అదీ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించగా.

1971 జూన్‌లో కేరళలోని కొరట్టిలో ఒక కార్మికుడు సైకిల్ మీద ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. షిఫ్టు నాలుగున్నరకు. నాలుగుంపావుకు, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో, ఒక లారీ గుద్దింది. ఆ లారీ ఆయన పనిచేసే కంపెనీదే. ప్రాణం దక్కింది, ఎముక విరిగింది. పావుగంట, ఒక కిలోమీటరు, సొంత కంపెనీ లారీ: ఇన్ని కలిసొచ్చినా 1996లో సుప్రీంకోర్టు ఆయన గాయాన్ని ఉద్యోగ గాయంగా ఒప్పుకోలేదు. రోడ్డు ప్రమాదం ఎవరికైనా ఎక్కడైనా జరుగుతుందని, పనికి వెళ్లే దారిలో ఉన్నంత మాత్రాన పనిలో ఉన్నట్టు కాదని ఆ తీర్పు.

పడవ, బస్సు, సైకిలు, మోటార్‌సైకిలు. ప్రతిసారీ కోర్టు అడిగింది ఆ బండి ఎవరిది, ఆ దారి ఎవరిది అని. ఎవరి అవసరం కోసం ఆ మనిషి ఆ వేళకు ఆ దారిన పడ్డాడో అడిగింది బస్సు డ్రైవర్ విషయంలోనే. తెల్లవారుజామున మూడింటి వేళను కావలివాడు పెట్టుకోలేదు, మిల్లు పెట్టింది. చీకట్లో ఆ ఐదు కిలోమీటర్లు అతను తన సరదా కోసం దాటబోలేదు.

ఆ సంగతి చట్టసభకు ముందే తట్టింది. 2010లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టంలో 51-ఇ అనే సెక్షన్ చేర్చారు, ఆ ఏడాది జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చిపోయేటప్పుడు ప్రమాదం జరిగితే, దాని పరిస్థితులకూ వేళకూ చోటుకూ ఉద్యోగంతో సంబంధం ఉంటే, అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమే అని ఆ సెక్షన్ చెప్పింది. హైకోర్టు కావలివాడి కేసు కొట్టేసేనాటికి ఆ మాట చట్టంలో ఉంది. కాకపోతే అది ఈఎస్‌ఐ చట్టంలో ఉంది, కుటుంబం వెళ్లింది 1923 చట్టం కింద. ఈఎస్‌ఐ కార్డున్న కార్మికుడి దారికి ఒక న్యాయం, కార్డు లేనివాడి దారికి ఇంకో న్యాయంగా అది పదిహేనేళ్లు నడిచింది.

2025 జూలై 29న, కుటుంబం వేసిన అప్పీలు మీద, సుప్రీంకోర్టులో జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం ఆ గోడ తీసేసింది. రెండు చట్టాలూ కార్మికుడి మేలు కోరినవే, రెంటిలోనూ ‘పని కారణంగా, పని చేస్తుండగా’ అన్న మాటలు ఒకటే, కాబట్టి ఒకదానిలో ఇచ్చిన అర్థం రెండోదానికీ చెల్లుతుందన్నది. 51-ఇ కొత్త హక్కు సృష్టించలేదని, ఉన్న అర్థాన్ని విడమరిచిందని, అందువల్ల పాత ప్రమాదాలకూ వర్తిస్తుందని చెప్పింది. మూడింటికి డ్యూటీ ఎక్కాల్సిన మనిషి ఆ వేళకు ఆ దారిలో మిల్లు వైపు వెళ్తున్నాడంటే ఉద్యోగంతో సంబంధం స్పష్టంగానే ఉందని హైకోర్టు తీర్పును రద్దుచేసి, కమిషనర్ ఉత్తర్వును నిలబెట్టింది.

కుటుంబం గెలిచింది. ఆ గెలుపు వచ్చేనాటికి నలుగురు పిల్లల్లో ఒక్కరికీ బడి ఈడు మిగల్లేదు. ఫీజు కట్టాల్సిన రోజులు, మందులు కొనాల్సిన రోజులు, అప్పులవాడిని వాకిట్లోంచి పంపేయాల్సిన రోజులు డబ్బు లేకుండానే గడిచిపోయాయి. అసలు మీద వడ్డీ వేయగలరు. చదువు మానేసిన ఏడాది మీద వేయడానికి ఏ షెడ్యూలులోనూ అంకె లేదు.

ఇది ఎక్కడో మరాఠీ సీమ కథ అని పక్కన పెట్టలేం. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ గేట్ల ముందు షిఫ్టు మారే వేళ నిలబడి చూస్తే వందల బండ్లు లోపలికీ బయటికీ పోతుంటాయి. రాత్రంతా మేలుకుని కళ్లు మూతలు పడుతుండగా ఇంటిదారి పట్టినవాళ్లు కొందరు, హాజరు పడదేమోనని గేరు మార్చేవాళ్లు కొందరు. వాళ్లలో ఎవరికైనా జరగరానిది జరిగితే, ఆ వేళ, ఆ దారి, ఆ పరిస్థితి ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని చూపితే, ఇంటివాళ్లు పరిహారం అడగొచ్చు. షిఫ్టు పట్టీ, హాజరు, ప్రమాదం జరిగిన చోటు, సమయం రాసిన ఎఫ్‌ఐఆర్: మహారాష్ట్ర కుటుంబం ఇరవై రెండేళ్లు నిలబడి తెరిచిన తలుపుకు ఇప్పుడు తాళం చెవులు ఇవే. 2025 నవంబరు 21 నుంచి ఆ రెండు చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా రాకపోకల ప్రమాదాలను ఇదే దృష్టితో చూస్తోంది.

దారి సంగతి అలా తేలింది. కాలం సంగతి తేలలేదు. అందుకు కొత్త తీర్పూ అక్కర్లేదు. పరిహారం బాకీ పడిన వెంటనే చెల్లించాలని, మొత్తం మీద పేచీ ఉంటే యజమాని తాను ఒప్పుకున్న మేరకైనా ముందు ఇచ్చేయాలని, నెల దాటితే వడ్డీ, కారణం లేకుండా జాప్యం చేస్తే సగం దాకా జరిమానా పడుతుందని ఆ పాత 1923 చట్టంలోనే రాసి ఉండేది. నెల రోజుల్లో ఇవ్వాల్సిందాన్ని ఇరవై రెండేళ్లకు ఇప్పించుకోవాల్సి వచ్చిన ఆ ఇంటికి అన్యాయం రోడ్డు మీద మొదలైంది గాని, ఎక్కువ భాగం జరిగింది ఫైళ్లలో. అక్కడ జరిగినదాన్ని ప్రమాదం అనలేం.