నింగిలో ప్లాస్మా నడక.. నేలపై నుంచే కొలత

పాకాల: సూర్యాస్తమయానంతరం ఆకాశంలో సంభవించే ఒక కదలిక ఉపగ్రహ సంకేతాలను చెదరగొట్టగలదు. కంటికి కానరాని ఆ కదలికను తిరుపతి జిల్లా పాకాల మండలం గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నేలపై నుంచే కొలుస్తున్నది.

సూర్యకిరణాల తాకిడికి ఎగువ వాయువులు విద్యుదావేశం పొంది ప్లాస్మాగా మారిన పొరే అయనావరణం (ఐనోస్ఫియర్). అయస్కాంత భూమధ్యరేఖ సమీపంలో భూ అయస్కాంత క్షేత్రం ఉత్తర దక్షిణాలుగా దాదాపు అడ్డంగా ఉంటుంది. పగటివేళ విద్యుత్ క్షేత్రం తూర్పు దిశగా ఉంటుంది. ఈ రెండింటి ప్రభావంతో ప్లాస్మా పైకి లేస్తుంది. రాత్రివేళ కిందికి దిగుతుంది.

గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. పగలు సుమారు 150 కిలోమీటర్ల ఎత్తు నుంచి బలహీనమైన ప్రతిధ్వనులు తిరిగివస్తాయి. పెరూలోని హికమార్కా రాడార్ 1960వ దశకంలోనే వీటిని గుర్తించింది. దూరమయ్యే రైలు కూత స్థాయి తగ్గినట్లే, పైకి పోయే ప్లాస్మా నుంచి వచ్చే తరంగపు పౌనఃపున్యమూ తగ్గుతుంది. ప్లాస్మా సెకనుకు 20 మీటర్ల వేగంతో లేస్తే, సెకనుకు 5.3 కోట్ల కంపనాలు గల తరంగంలో వచ్చే తేడా కేవలం ఏడు కంపనాలు. దానిని పట్టుకోవడమే అసలు కష్టం.

సాయంకాలపు కొలతకు అయనోసోండ్ అనే చిన్న పరికరమూ ఉపకరిస్తుంది. రేడియో తరంగం పరావర్తనం చెందే ఎత్తు ఎంత త్వరగా పెరుగుతున్నదో అది చూపుతుంది. అయితే పొర 300 కిలోమీటర్లకు దిగువన ఉన్నప్పుడు ఈ లెక్కను యథాతథంగా నమ్మరాదు. అడుగుభాగంలో ప్లాస్మా రసాయన చర్యలతో నశించినా, పొర పైకి లేచినట్లే కనిపిస్తుంది.

అడ్డంగా సాగే కదలికకు మార్గం వేరు. దూరదూరంగా ఉంచిన మూడు రిసీవర్లలో సంకేతపు హెచ్చుతగ్గులు ఏ క్రమంలో, ఎంత వ్యవధితో కనిపించాయో చూసి వేగం, దిశ లెక్కిస్తారు. ఎస్.ఎన్.మిత్రా 1949లో ప్రకటించిన ఈ పద్ధతితో విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ 1950వ దశకంలో పరిశోధనలు జరిగాయి.

సంధ్యవేళ ప్లాస్మా వేగంగా పైకి లేచిన రోజున, పొర అడుగు నుంచి తక్కువ సాంద్రత గల బుడగలు పుట్టే అవకాశం ఎక్కువ. సూర్యుని క్రియాశీలత హెచ్చిన సంవత్సరాలలో, రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు ప్రాంతాలలో ఈ బెడద అధికం. బుడగల మీదుగా వచ్చే జీపీఎస్ సంకేతం మినుకుమినుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది. ఇవి రాత్రివేళ సెకనుకు సుమారు వంద మీటర్ల వేగంతో తూర్పునకు సాగుతాయి. వీటి జాడ తీసేందుకు గాదంకిలోనే 30 మెగాహెర్ట్జ్ రాడార్‌ను నెలకొల్పారు.