జాన్ హారిసన్

జాన్ హారిసన్ (1693 - మార్చి 24, 1776) ఇంగ్లాండుకు చెందిన వడ్రంగి, గడియారాల నిర్మాత. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశంపై ఉన్నదో తెలుసుకోవడానికి పనికివచ్చే గడియారాన్ని మొట్టమొదట తయారుచేసినవాడు ఇతడే. ఇందుకు నలభై ఏళ్లకు పైగా శ్రమించాడు.

== బాల్యం, వృత్తి ==
హారిసన్ యార్క్‌షైర్‌లోని ఫౌల్బీ గ్రామంలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. కుటుంబం తరువాత బారో అపాన్ హంబర్ గ్రామానికి తరలివెళ్ళింది. తండ్రి వద్దనే పని నేర్చుకున్న హారిసన్ 1713లో చెక్క చక్రాలతో గడియారం చేశాడు. తమ్ముడు జేమ్స్ ఇతనికి పనిలో తోడు. 1720లలో బ్రాకిల్స్‌బీ పార్కులో ఇతడు నిర్మించిన గడియారంలో తిరిగే భాగాలకు సహజంగా జిడ్డుండే గట్టి కొయ్యను వాడినందున దానికి నూనె వేయవలసిన అవసరం లేదు. 1726లో మొదటి భార్య మరణించగా మళ్ళీ వివాహం చేసుకున్నాడు. రెండవ భార్య కుమారుడు విలియం.

== రేఖాంశ సమస్య ==
భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానికీ గ్రీన్విచ్‌కూ ఐదున్నర గంటల తేడా ఉండడానికి కారణం ఇదే. బయలుదేరిన రేవులోని సమయం తెలిస్తే ఓడ ఉన్న చోటు లెక్కకట్టవచ్చు. అయితే ఓడ ఊగిసలాటకు, వేడిమి మార్పులకు నాటి గడియారాలు నిలిచేవి కావు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు అర డిగ్రీ లోపు ఖచ్చితత్వానికి 20,000 పౌన్ల బహుమతి ప్రకటించింది.

== సముద్ర గడియారాలు, బహుమతి వివాదం ==
హారిసన్ 1735లో పూర్తిచేసిన మొదటి సముద్ర గడియారం బరువు సుమారు 34 కిలోలు. దాని లోపాలను అధికారుల ఎదుట తానే ఎత్తిచూపి, మెరుగైనది చేస్తానన్నాడు. మూడవదానికే దాదాపు 19 ఏళ్లు పట్టింది. 1759 నాటి నాలుగవది మాత్రం 13 సెంటీమీటర్ల వ్యాసం గల జేబు గడియారం వంటిది. తండ్రి వృద్ధుడైనందున 1761లో విలియం దానిని జమైకాకు తీసుకువెళ్ళాడు. 81 రోజులలో అది సుమారు 5 సెకన్లు మాత్రమే వెనుకబడింది. ఇది కాకతాళీయం కావచ్చునని అధికారులు బహుమతి నిలిపివేశారు. 1764లో బార్బడోస్ ప్రయాణంలోనూ గడియారం నెగ్గింది. అయినా లోపలి నిర్మాణమంతా విప్పి చూపిన తరువాతనే, 1765లో, సగం సొమ్ము ఇచ్చారు.

చివరకు తండ్రీకొడుకులు మూడవ జార్జి రాజును ఆశ్రయించారు. రాజు 1772లో ఐదవ గడియారాన్ని స్వయంగా పరీక్షించాడు. 1773లో పార్లమెంటు మరో 8,750 పౌన్లు మంజూరు చేసింది. అప్పటికి హారిసన్ వయసు 80 ఏళ్లు. అసలు బహుమతి మాత్రం లాంఛనంగా ఎవరికీ దక్కలేదు. నాలుగవ గడియారానికి కెండాల్ చేసిన నకలును కెప్టెన్ కుక్ తన రెండవ యాత్రలో (1772-75) వాడి మెచ్చుకున్నాడు. హారిసన్ సమాధి లండన్‌లోని హాంప్‌స్టెడ్ చర్చి ఆవరణలో ఉంది.